ఆల్టర్నేటర్ పట్టీ చీలింది: వెల్డింగా, కొత్తదా? (చెన్నై)

అడయార్_800: బండి పాత మారుతి 800. ఆల్టర్నేటర్‌ని (బ్యాటరీని ఛార్జ్ చేసేది) పట్టుకుని బెల్టు టైటు చేసే గాడి పట్టీ, బోల్టు తల కింద చీలింది. బెల్టు కీచుమంటోంది. వెల్డింగ్ పెట్టించొచ్చా?

పుదుప్పేట_పానా: వద్దు బాసూ. పలచటి పట్టీ, అతుకు పక్కనే మళ్లీ చీలుతుంది. ఇందులో వాటర్ పంపు తిరిగేదీ ఆ బెల్టుతోనే. దారిలో ఊడిందా, ఛార్జింగ్ పోవడంతో ఆగదు, ఇంజను వేడెక్కిపోతుంది. కొత్తది జీపీ రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో అడగండి. పుదుప్పేట పాత పార్టుల షాపుల్లో పాతది తీసుకుంటే కిరసనాయిలు పూసి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దముక్క రుద్దండి. పగులుంటే సుద్ద మీద సన్నటి తడిగీత తేలుతుంది. గాడి అంచు బోల్టు అచ్చుతో గుంటపడి ఉంటే అది తీసుకోకండి.

జేసీరోడ్_గురు: ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఆల్టర్నేటర్ వెనక లావు వైరులో ఎప్పుడూ కరెంటుంటుంది, పానా బాడీకి తగిలితే నిప్పులే. కింది బోల్టు వదులు చేసి, పైది తీసి, బెల్టు జార్చి పట్టీ మార్చండి. 8 ఎంఎం బోల్టుకి 12 నంబరు పానా. అన్నీ చేత్తో బిగించాకే బెల్టు లాగండి. సన్నకడ్డీతో ఎత్తేటప్పుడు ముందువైపు చెవి (బోల్టు పట్టే కొమ్ము) దగ్గర ఆనించండి, నడుము మీద కాదు. అల్యూమినియం డొల్ల, పగులుతుంది. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో సుమారు 10 కిలోల బలంతో నొక్కితే 6 నుంచి 9 ఎంఎం దిగాలి. ముందు పైబోల్టు, తర్వాత కిందిది బిగించండి. అతిగా టైటు చేస్తే బేరింగు పోతుంది.

ఓల్టు_మీటరు: ఒకటి మర్చిపోయారు. ఆల్టర్నేటర్‌కి ఎర్తు (బ్యాటరీ నెగటివ్‌తో కనెక్షన్) అందేది ఈ బోల్టుల గుండానే. కొత్త పట్టీకి రంగు దట్టంగా ఉంటే ఆనే చోట ఎమరీ పేపరుతో గీకండి. హెడ్‌లైట్లు వేసి, ఇంజను నడుస్తుండగా ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మీటరు పెట్టండి. 0.2 ఓల్టు దాటితే ఎక్కడో తుప్పుంది. మన సముద్రపు గాలికి అది మామూలే.

పుదుప్పేట_పానా: పట్టీ ఊరికే చీలదు. కింది బోల్టు దూరే బుష్షు (చిన్న గొట్టం) అరిగితే ఆల్టర్నేటర్ ఊగుతుంది, ఆ ఊపంతా పట్టీ మోస్తుంది. బెల్టు తీశాక ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. టకటకమంటే బుష్షు మార్చాల్సిందే. లేకపోతే కొత్త పట్టీకీ ఇదే గతి.

అడయార్_800: విప్పాను. బుష్షు వదులే. పైగా ఆల్టర్నేటర్ చెవిలో మర పోయింది, బోల్టు తిరుగుతూనే ఉంది.

జేసీరోడ్_గురు: రంధ్రం పెంచి పెద్ద బోల్టు వేయించకండి, చెవి పలచబడుతుంది. లేత్ షాపులో 8 ఎంఎం, 1.25 పిచ్ (మర చుట్ల ఎడం) హెలికాయిల్ (పోయిన మర బదులు వేసే తీగచుట్ట) వేయించండి. కొత్త బోల్టు 8.8 గ్రేడు (బోల్టు బలం అంకె), పొడవు పాతదానంతే. కొత్త బెల్టూ వేస్తుంటే 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ నొక్కి చూడండి, అది సాగుతుంది.