ఇంటి వీడియోలు చుట్టాలకు మాత్రమే కనిపించేలా ఎలా పెట్టాలి?

అందరికీ నమస్కారం. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, ఫోన్లలో తీసినవి కలిపి మా ఇంటి వీడియోలు 300 జీబీ దాకా ఉన్నాయి. పెళ్లిళ్లు, పిల్లల తప్పటడుగులు, ఇప్పుడు లేని పెద్దవాళ్ల కబుర్లు. చుట్టాలందరూ చూడాలి, బయటివాళ్ల కంట పడకూడదు.

యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్' పెడితే లాగిన్ కూడా అక్కర్లేదు, చూడటం తేలిక. కానీ లింకు ఎవరి చేతిలో పడితే వాళ్లు చూసేయొచ్చు. మా ఫ్యామిలీ గ్రూపులో పడ్డ లింకు ఎక్కడ తేలుతుందో దేవుడికే తెలియాలి! 'ప్రైవేట్' పెడితే ఒక్కొక్కరి ఈమెయిల్ చేర్చాలి, వాళ్లు అదే గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వాలి. మా పెద్దమ్మకు తన ఫోన్‌లో ఏ ఖాతా ఉందో తెలియదు. గూగుల్ డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అదీ జీమెయిల్, ఫోటోలతో కలిపి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పోతుంది.

నాకు మనసు లాగుతున్నది జెల్లీఫిన్ వైపు (మన కంప్యూటర్‌లోని వీడియోలను వేరే ఫోన్లలో, టీవీల్లో చూపించే సాఫ్ట్‌వేర్). ఉచితం, వీడియోలు మన కంప్యూటర్‌లోనే ఉంటాయి, ఒక్కొక్కరికి వేరే పాస్‌వర్డ్ ఇచ్చి ఎవరికి ఏ ఫోల్డర్ కనిపించాలో మనమే పెట్టుకోవచ్చు. అయితే కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. పైగా దాన్ని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

ఇలా నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? బయటి నుంచి చూడటానికి వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌కి భద్రంగా కలిపే దారి) పెట్టారా, వేరే దారి ఉందా? ఫోన్ అంతగా తెలియని పెద్దవాళ్లు దాన్ని వాడగలుగుతున్నారా? డబ్బు కట్టి క్లౌడ్ తీసుకోవడమే నయమంటే అదీ చెప్పండి.