జిగ్గీ స్టార్‌డస్ట్‌కి ముగింపు పలికే హక్కు బోవీ ఒక్కడిదేనా?

నల్లరికార్డు:
ఇంగ్లండ్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ ఆల్బమ్‌లలో ఒక్కటే ఉంచుకోమంటే నేను 1972లో వచ్చిన జిగ్గీ స్టార్‌డస్ట్‌నే ఉంచుకుంటాను. అందులో బోవీ కట్టిన వేషమే జిగ్గీ: ఎర్ర జుట్టు, రంగులు పూసిన ముఖం, వేరే లోకం నుంచి దిగివచ్చినట్టుండే రాక్ గాయకుడు. అంతకుముందు ఎన్నో ఏళ్ళు తంటాలు పడ్డ బోవీని స్టార్‌ని చేసింది ఆ పాత్రే. అలాంటిది 1973 జూలై 3న లండన్‌లోని హ్యామర్‌స్మిత్ ఓడియన్ హాల్లో, జనం ఇంకా కావాలంటున్నప్పుడే, ఇదే మా ఆఖరి షో అని ప్రకటించి దాన్ని వదిలేశాడు. 1975కల్లా ఫిలడెల్ఫియా సోల్ పాటలు, 1976లో తెల్ల చొక్కా, నల్ల వెయిస్ట్‌కోటుతో థిన్ వైట్ డ్యూక్ అనే కొత్త వేషం, 1977లో 'లో' ఆల్బమ్. గెలిపించిన వేషాన్ని గెలుస్తున్నప్పుడే విప్పేయడానికి చాలా గుండె ధైర్యం కావాలి. మీరేమంటారు?

ఆరుతీగలు:
నల్లరికార్డు గారూ, ఇంత పోస్టులో గిటార్ వాయించిన మిక్ రాన్సన్ పేరు ఒక్కసారి కూడా రాలేదు. బేస్ వాయించిన ట్రెవర్ బోల్డర్ లేడు, డ్రమ్స్ వాయించిన ఉడీ ఉడ్‌మాన్సీ లేడు. జిగ్గీ వెనకున్న స్పైడర్స్ అనే బ్యాండ్ వీళ్ళే కదండీ. ఈ ఆల్బమ్‌లోని 'మూనేజ్ డేడ్రీమ్' చివర వచ్చే గిటార్ సోలో తీసేసి ఆ పాట వినండి. 'స్టార్‌మన్'లో వయొలిన్లు ఎలా రావాలో రాసింది కూడా రాన్సనే. బోవీ దగ్గరికి రాకముందు ఆయన ఇంగ్లండ్‌లోని హల్ పట్టణంలో మునిసిపాలిటీ తోటమాలి. ఇక మీరు సాహసం అంటున్న ఆ రాత్రి సంగతి: రాన్సన్‌కి ముందే తెలుసు. బోల్డర్‌కీ ఉడ్‌మాన్సీకీ తెలియదు. బ్యాండ్ అయిపోయిందన్న వార్త వాళ్ళు స్టేజి మీద, జనంతోపాటే విన్నారు.

లెక్కలమాస్టారు:
మీరిద్దరూ ఒక కథ ఉందనుకుని మాట్లాడుతున్నారు. ఈ ఆల్బమ్‌లో కథ ఎక్కడుంది? 'మూనేజ్ డేడ్రీమ్', 'హ్యాంగ్ ఆన్ టు యువర్‌సెల్ఫ్' 1971లోనే ఆర్నాల్డ్ కార్న్స్ అనే వేరే బ్యాండ్ పేరు మీద వచ్చాయి. 'ఇట్ ఎయింట్ ఈజీ' బోవీ రాసిందే కాదు, రాన్ డేవీస్ పాట. అది దీనికి ముందు ఆల్బమ్ 'హంకీ డోరీ' రోజుల్లో రికార్డు చేసింది. ఆల్బమ్ అయిపోవచ్చాక రికార్డు కంపెనీవాళ్ళు విడిగా అమ్మడానికి ఒక పాట (సింగిల్) కావాలంటే 'స్టార్‌మన్' చేర్చి, చక్ బెర్రీ పాట ఒకటి తీసేశారు. ఇలా పోగేసిన పాటలకి పాత్ర అని పేరు పెట్టి, దాన్ని ఎవరు ఆపాలి అని కొట్టుకుంటే ఎలా?

గాజువాక వాసు:
బీబీసీ టీవీ పాటల కార్యక్రమం టాప్ ఆఫ్ ద పాప్స్‌లో 'స్టార్‌మన్' పాడిన వీడియో చూడండి అందరూ. బోవీ రాన్సన్ భుజం మీద చెయ్యి వేసే చోటు. 1972లో టీవీలో అది చూసి ఎంతమంది పిల్లలు బ్యాండ్లు పెట్టుకున్నారో.

నల్లరికార్డు:
మాస్టారూ, కథ అతుకులబొంతే కావచ్చు, మొదటి పాట 'ఫైవ్ ఇయర్స్' మొదలైన క్షణం నుంచి జిగ్గీ అనే మనిషి మాత్రం ఎదురుగా నిలబడతాడు. నాకది చాలు.

ఆరుతీగలు గారూ, రాన్సన్ గొప్పవాడు, ఆ మాట వెయ్యిసార్లు అంటాను. కానీ జిగ్గీని ఊహించింది బోవీ. మతి చెదిరిన విన్స్ టేలర్ అనే రాక్ గాయకుణ్ణి కలిసి, అందులోంచి ఈ పాత్రకి బీజం తీసుకున్నాడు. లిండ్సే కెంప్ దగ్గర మూకాభినయం నేర్చుకున్నాడు. పాత్ర తనని వదలకుండా పట్టుకుందని, తన మతి మీద తనకే అనుమానం వచ్చిందని తర్వాత ఆయనే చెప్పాడు. ప్రాణం మీదికి వస్తున్నదాన్ని ఆపడానికి ఎవరి అనుమతి తీసుకోవాలి?

ఆరుతీగలు:
అనుమతి అడగమని ఎవరన్నారు? ముందు చెప్పమన్నాను.

నేను పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాణ్ణి. మా గాయకుడికి పల్లవి ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో మేమే నేర్పాం. అతనికి టీవీలో అవకాశం వచ్చింది. సీజన్ మొదట్లో, అడ్వాన్సులు తీసుకున్నాక, ఒక పెళ్ళిలో మైకు పట్టుకుని ఇక సెలవు అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మేం వాయిద్యాలు సర్దుకుని, ఆ అడ్వాన్సులు తిరిగిచ్చుకోవడానికి అప్పు చేశాం. అందుకని హ్యామర్‌స్మిత్ అనగానే నా కళ్ళు బోవీ మీదికి పోవు, డ్రమ్స్ వెనక కూర్చున్న మనిషి మీదికి పోతాయి.

లెక్కలమాస్టారు:
ఆల్బమ్ వచ్చింది 1972లో. మీరు మాట్లాడేది 1973 షో గురించి. రెండూ వేరు. ఆల్బమ్‌లో కథ ఉందా లేదా, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

నల్లరికార్డు:
మీ గాయకుడి మీద కోపాన్ని బోవీ నెత్తిన రుద్దకండి. బోల్డర్ రోడ్డున పడలేదు, అదే ఏడాది వచ్చిన బోవీ ఆల్బమ్ 'పిన్ అప్స్'లో ఆయనే బేస్ వాయించాడు. రాన్సన్‌కి సొంత ఆల్బమ్ వచ్చింది. 1992లో వెంబ్లీలో, క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ స్మారక కచేరీలో రాన్సన్ మళ్ళీ బోవీ పక్కన నిలబడి వాయించాడు. ద్రోహం చేసినవాడి పక్కన అలా నిలబడతారా?

ఆరుతీగలు:
'పిన్ అప్స్'లో డ్రమ్స్ ఎవరు వాయించారో కూడా చెప్పండి మరి. ఐన్‌స్లీ డన్‌బార్. ఉడ్‌మాన్సీ ఏమయ్యాడు? రాన్సన్ మంచితనాన్ని తెచ్చి ఉడ్‌మాన్సీకి జరిగినదాని మీద దుప్పటిలా కప్పుతున్నారు. మీలాంటి అభిమానులకి ముఖానికి రంగు పూసుకున్నవాడే మనిషి, మిగతావాళ్ళు సామాను.

తెనాలి సుజాత:
కొంచెం మెల్లగా మాట్లాడుకుందాం, ప్లీజ్.

నల్లరికార్డు:
సామాను అన్నారు కాబట్టి చెప్తున్నాను. మా ఊరి పద్యనాటక సమాజంలో కృష్ణుడి వేషం నాది. పద్యానికి వన్స్‌మోర్ పడేది. ఎక్కడికెళ్ళినా అదే వేషం, అవే పద్యాలు, అదే చోట వన్స్‌మోర్. లోపల నేను చచ్చిపోతున్నానని ఎవరికీ పట్టలేదు. వేరే నాటకం వేద్దాం అంటే బుకింగులు పోతాయన్నారు. ఒక సంవత్సరం ఉగాదికి ఆడి, మళ్ళీ వెళ్ళలేదు. ఊళ్ళో నన్ను నమ్మకద్రోహి అన్నారు, ఇప్పటికీ అంటారు. వేషం కట్టినవాడికి అది విప్పే హక్కు లేదంటే నేను ఒప్పుకోను. 1973లో బోవీ ఆగకపోతే 'లో' లేదు, 2016లో చనిపోవడానికి రెండు రోజుల ముందు వచ్చిన 'బ్లాక్‌స్టార్' ఆల్బమ్ కూడా లేదు.

ఆరుతీగలు:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. మారవద్దని నేనెప్పుడూ అనలేదు, పైన చదవండి. నాకూ 'లో' ఇష్టమే. సమాజంవాళ్ళకి ఒక నెల ముందు చెప్పి మానేశారా? మీకు హార్మోనియం వాయించిన ఆయనకి చెప్పారా?

నల్లరికార్డు:
చెప్పలేదు. చెప్తే ఆపేవాళ్ళు. ఇంటికి పెద్దమనుషులు వచ్చేవాళ్ళు, అమ్మ చేత చెప్పించేవాళ్ళు, నేను ఇంకో సీజన్ ఆడేవాణ్ణి. చెప్పకుండా వెళ్ళబట్టే వెళ్ళగలిగాను. బోవీ స్టేజి మీద అందరి ముందు ఆ మాట అనడానికి కూడా కారణం అదే అని నా నమ్మకం. అన్నాక ఇక వెనక్కి రావడం కుదరదు.

ఆరుతీగలు:
రాన్సన్‌కి ముందే చెప్పాడుగా. రాన్సన్ ఆపలేదు. ఆ రాత్రి ఆఖరి పాట 'రాక్ అండ్ రోల్ సూసైడ్' చివరిదాకా వాయించాడు. ఒకరికి చెప్పగలిగినవాడు ముగ్గురికీ చెప్పగలడు. మిమ్మల్ని ఆపేవాళ్ళేమో నాకు తెలియదు, మీ ఊరు మీకు తెలుసు. కానీ మీ హార్మోనియం ఆయన ఆ సీజన్ ఎలా గడుపుకున్నాడో మీరు చెప్పేదాకా, ధైర్యం అనే మాట మీతో కలిసి నేను అనలేను.