మెట్ల కింద చిన్న స్నానాల గది: నేల ఎత్తు పెంచకుండా కట్టుకోవచ్చా?

తెనాలి కోడలు:

మాది తెనాలిలో 1996లో కట్టిన ఇల్లు. కింద హాలు, వంటగది, దేవుడి గది, ఒక పడకగది ఉన్నాయి. మరుగుదొడ్డి, స్నానాల గది మాత్రం అప్పటి అలవాటు ప్రకారం పెరట్లో విడిగా కట్టారు. తరువాత పైన వేసిన రెండు గదులకూ బాత్రూములు కలుపుకున్నాము గాని, కింది భాగాన్ని ఎవరమూ పట్టించుకోలేదు. ఇప్పుడు మా అత్తయ్యగారికి 74 ఏళ్ళు. కిందటి వేసవిలో ఎడమ మోకాలికి కీలు మార్పిడి జరిగింది. ఆవిడ మేడ ఎక్కలేరు. పెరట్లోకి వెళ్ళాలంటే నాలుగు మెట్లు దిగి, ఎప్పుడూ తడిగా ఉండే చప్టా దాటాలి. కార్తీకంలో ఒక తెల్లవారుజామున ఆ చప్టా మీదే కాలు జారితే, పంపు గొట్టం పట్టుకుని నిలదొక్కుకుని, నేను లేచి వచ్చేదాకా అలాగే నిలబడి ఉన్నారు. పిల్లలు లేస్తారని పిలవలేదట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

హాలుకు పడమటి వైపు మెట్ల కింద 4 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు గల చోటు ఉంది. ఎత్తు ఒక చివర తొమ్మిదిన్నర అడుగులు, రెండో చివర 3 అడుగులు. ప్రస్తుతం అందులో బియ్యం డ్రమ్ము, పాత ఇత్తడి బిందెలు, అందరి చెప్పులు, గొడుగులు ఉన్నాయి. పడమటి గోడకు అవతల మాదే 3 అడుగుల సందు. సెప్టిక్ ట్యాంకు పెరట్లో ఉంది, సందు వెంట కొలిస్తే సుమారు 32 అడుగుల దూరం. కమోడు, షవరు, వాష్‌బేసిన్ మూడూ ఇక్కడ పట్టాలి, చెప్పులకూ గొడుగులకూ కాస్త చోటు మిగలాలి.

టైల్స్ కొట్టులో ఒక బొమ్మ గీసి ఇచ్చారు. అందులో గాజు తలుపు, బేసిన్ కింద చెక్క బీరువా, గోడకు దీపాలు అన్నీ ఉన్నాయి గాని, మురుగు ఎటు పోతుందో మాత్రం లేదు. మా తాపీ మేస్త్రి గొట్టానికి వాటం, అంటే నీరు పారే వాలు, రావాలంటే లోపలి గచ్చును 8 అంగుళాలు లేపక తప్పదంటున్నాడు. మెట్టు ఎక్కలేని మనిషి కోసం కడుతూ గుమ్మంలోనే మెట్టు పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. మెట్ల కింద మరుగుదొడ్డి వాస్తుకు కుదరదని మా చినమావగారు అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి దారి చెప్పండి.

విశ్రాంత ఇంజనీరు, విజయవాడ:

అమ్మా, మీ మనసు సరైన చోటే అడ్డం తిరిగింది. ఆ 8 అంగుళాల మెట్టును ఒప్పుకోకండి. మీ ఇంటి గచ్చు నేల నుంచి నాలుగు మెట్ల ఎత్తున ఉందంటే సుమారు 2 అడుగులు. అంత ఎత్తున్న ఇంట్లో వాటానికి కొరత ఉండదు. మేస్త్రి గచ్చు లేపాలనడానికి కారణం వాటం కాదు, గోడ కిందుగా పోయే ప్లింత్ బీమ్, అంటే కాంక్రీటు దూలం. గచ్చు మట్టానికి కాస్త కిందుగా అది అడ్డం వస్తుంది కనుక, దాని మీదుగా గొట్టం తీసుకుపోదామని అతని ఆలోచన. బీమ్‌ను తొలవనివ్వకండి, అందులో చువ్వలు ఉంటాయి. అలాగే మెట్ల స్లాబు అడుగు భాగాన్ని గొట్టం కోసమో జీజర్ మేకుల కోసమో లోతుగా చెక్కనివ్వకండి. గొట్టాల సంగతి పనిచేసేవారు నాకంటె బాగా చెబుతారు. నేను చోటు గురించి చెబుతాను.

జాతీయ నిర్మాణ నియమావళి ప్రకారం స్నానానికీ మరుగుదొడ్డికీ కలిపి ఒకే గది కడితే 2.8 చదరపు మీటర్లు, అంటే సుమారు 30 చదరపు అడుగులు, వెడల్పు 1.2 మీటర్లకు తగ్గకుండా ఉండాలి. మీ 4 అడుగులు సరిగ్గా ఆ అంచున ఉన్నాయి. గోడలకు మందపాటి పూత, దాని మీద టైల్స్ వేస్తే రెండు వైపులా కలిపి 2 అంగుళాలు పోతాయి కనుక, పాత పూత చెక్కించి తరువాతే టైల్స్ అంటించండి. పొడవు విషయంలో మెట్ల ఏటవాలు నిర్ణయిస్తుంది. మీ కొలతల ప్రకారం ప్రతి అడుగుకూ పైకప్పు దాదాపు 8 అంగుళాలు దిగుతోంది. కమోడు వీపును తక్కువ ఎత్తున్న వైపుకు తిప్పి, దాని వెనక అడ్డుగోడను పైకప్పు 4 అడుగుల 8 అంగుళాలు ఉన్న చోట కట్టండి. కూర్చున్నప్పుడు ఆ ఎత్తు చాలు. లేచేటప్పుడు మనిషి ముందుకు వంగి లేస్తాడు గనుక, కమోడు ముందు రెండున్నర అడుగుల దగ్గర 6 అడుగుల పైన ఎత్తు దొరుకుతుంది. అడ్డుగోడకు 3 అంగుళాల తేలిక ఇటుక వాడితే లోపల 7 అడుగుల పైన పొడవు మిగిలి, 28, 29 చదరపు అడుగుల గది వస్తుంది. కాస్త తక్కువే. అందుకే వాష్‌బేసిన్‌ను లోపల పెట్టకుండా హాలు వైపు గోడకు పెట్టమంటాను. భోజనానంతరం చేతులు కడుక్కోవడానికీ అది పనికివస్తుంది, లోపల మీ అత్తయ్యగారికి తిరగడానికీ చోటు మిగులుతుంది.

అడ్డుగోడకు అవతల మిగిలే రెండున్నర అడుగుల త్రికోణపు చోటును హాలు వైపు తెరుచుకునే అరగా మార్చండి. చెప్పులు, గొడుగులు, వానకోటు అందులో ఇముడుతాయి. పూర్వం గుమ్మం పక్కన కాళ్ళు కడుక్కోవడానికి గోలెం, చెంబు ఉండేవి. బయటి నుంచి వచ్చినవాడు అక్కడ ఆగి, శుభ్రపడి లోపలికి వచ్చేవాడు. మీ బేసిన్, మీ అర కలిసి ఇప్పుడు ఆ పని చేస్తాయి.

తలుపు 3 అడుగులకు తగ్గనివ్వకండి. అది బయటికే తెరుచుకోవాలి, లేదా గోడ వెంట జరగాలి. లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు ఆ మనిషికే అడ్డుపడి తెరుచుకోదు. గడియ కూడా బయటి నుంచి తీయగలిగేదే పెట్టించండి. ఎత్తైన వైపు పడమటి గోడలో సందులోకి వెంటిలేటరు, ఒక చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి. జీజర్‌కు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూపించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించిన తరువాతే అత్తయ్యగారిని లోపలికి పంపండి.

వాస్తు గురించి చినమావగారితో వాదించకండి. ఆ మూల ఈశాన్యం కాదు, పడమర అని చెప్పి చూడండి. అత్తయ్యగారు తెల్లవారుజామున పంపు గొట్టం పట్టుకుని నిలబడిన సంగతి ఆయనకు తెలుసో లేదో.

ప్లంబరు, గుంటూరు:

నమస్కారమండి. ఈ పనిలో 22 ఏళ్ళుగా ఉన్నాను. మీరు కమోడు కొనకముందే ఇది చదవడం మంచిదైంది. మీకు కావలసింది పీ ట్రాప్ కమోడు. ఎస్ ట్రాప్ అయితే గొట్టం నేలలోకి దిగుతుంది, గచ్చు పగలగొట్టాలి, బీమ్ అడ్డం వస్తుంది. పీ ట్రాప్ గొట్టం గచ్చు మీద సుమారు 7 అంగుళాల ఎత్తున వెనక్కి వస్తుంది. ఇంజనీరు గారు చెప్పినట్టు కమోడు వీపు అడ్డుగోడ వైపు ఉంటే, గొట్టం ఆ గోడ దాటి చెప్పుల అర లోపల ఒక బెండు తిరిగి పడమటి గోడలోంచి సందులోకి పోతుంది. బీమ్ జోలికే పోనక్కరలేదు. అరలో గొట్టానికి ఊడదీసుకునే పెట్టె కట్టిస్తే, పదేళ్ళ తరువాత అక్కడ ఏదైనా అడ్డుపడినా టైల్స్ పగలవు.

స్నానం నీళ్ళకు మాత్రం నేలలోకి దిగక తప్పదు. ఇక్కడే మీ మేస్త్రి తడబడ్డాడు. నానీ ట్రాప్‌ను, అంటే వాసన పైకి రాకుండా కాస్త నీరు నిలుపుకునే జాలీ గిన్నెను, గచ్చులో కూర్చోబెట్టి, దాని గొట్టాన్ని నిట్టనిలువుగా కిందికి దించి, బీమ్ అడుగుకు వెళ్ళాక పునాది గోడలో రంధ్రం చేసి బయటికి తీయాలి. గచ్చు 2 అడుగుల ఎత్తున ఉంది గనుక ఆ రంధ్రం సందులో నేల దగ్గరకు వస్తుంది. పని ఒక రోజు ఎక్కువవుతుంది, అంతే. ఆ నీళ్ళను నేరుగా కమోడు గొట్టంలో కలపకుండా గల్లీ ట్రాప్ (బయట నేలలో నీరు నిలిచి వాసనను ఆపే తొట్టి) దాటించి కలపండి, లేకపోతే స్నానాల గదిలోకి దుర్వాసన వస్తుంది. నానీ ట్రాప్ కూడా లోపల 2 అంగుళాల నీరు నిలిచేది అడిగి తీసుకోండి. పైకి స్టీలు జాలీ మెరుస్తుంటే చాలదు.

ఇక వాటం. 4 అంగుళాల గొట్టానికి 40 అడుగులకు 1 అడుగు వాటం ఇస్తాము. మీ 32 అడుగులకు దాదాపు 10 అంగుళాలు కావాలి. ట్యాంకులోకి పాత గొట్టం నేల మట్టానికి ఎంత లోతున ప్రవేశిస్తోందో మూత తీసి కొలిచి చెప్పండి. మీవి కాలువల కింది ఊళ్ళు, వానాకాలంలో నేలలో నీరు పైకి వస్తుంది. భాద్రపదంలో ట్యాంకు నీటి మట్టం ఆ గొట్టం నోటిదాకా వస్తోందా అని కూడా ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వస్తుంటే ముందు ట్యాంకు సంగతి చూడాలి.

నరసాపురం నుంచి ఒక కూతురు:

మా అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు మేము ఇలాంటి గదే కట్టుకున్నాము. గొట్టాలు, గోడలు పైవారు చెప్పారు. ఆ గదిలో రోజూ నిలబడి స్నానం చేయించిన మనిషిగా నేను కొన్ని చెబుతాను.

గోడకు కడప బండతో అరుగు కట్టించాము. చూడడానికి ఎంతో బాగుంది. మొదటి చలికాలంలోనే అమ్మ దాని మీద కూర్చోనన్నది, అంత చల్లగా ఉండేది. పైగా అది జరగదు, ఆమె ఎడమ వైపు రుద్దాలంటే నేను గోడకూ ఆమెకూ మధ్య ఇరుక్కోవాల్సి వచ్చేది. చివరికి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కాళ్ళకు రబ్బరు తొడుగులు వేసుకున్నాము. దయచేసి మీరు అరుగు కట్టించకండి. తలపై నుంచి పడే షవరు కూడా పెద్దవాళ్ళకు అంతగా పనికిరాదు, ఊపిరాడనట్టు ఉంటుందని అమ్మ భయపడేది. పొడవైన గొట్టం ఉన్న హ్యాండ్ షవరు పెట్టించండి. అయినా మన ఇళ్ళలో బకెట్టు, మగ్గు లేనిదే స్నానం చేసినట్టుండదు. బకెట్టు నేల మీద ఉంటే కుర్చీలో కూర్చున్న మనిషి ప్రతి చెంబుకూ వంగాలి. దానికి అడుగుంపావు ఎత్తున చిన్న దిమ్మె ఒకటి చాలు, వంగే బాధ తప్పుతుంది.

పట్టుకునే స్టీలు కడ్డీలు కమోడు పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి ఉండాలి. ఇంజనీరు గారు చెప్పిన తేలిక ఇటుక గోడకు కడ్డీ బిగించకండి, మేకు పట్టదు. మాకు ఒకటి చేతిలోకి ఊడి వచ్చింది, అదృష్టవశాత్తూ అప్పుడు పట్టుకున్నది నేను. అత్తయ్యగారికి నొప్పి ఎడమ మోకాలిలో కదా, ఆవిడ ఏ చేతి మీద బలం వేసి లేస్తారో గమనించి ఆ వైపే గట్టి గోడ వచ్చేలా చూసుకోండి. కాలింగ్ బెల్లు మీట ఒకటి కమోడులో కూర్చుని అందేలా, నేల మీద పడినా అందేలా అడుగున్నర ఎత్తున పెట్టించండి. పిల్లలు లేస్తారని పిలవని మనిషి అయినా మీట నొక్కుతారేమో.

ఇంకొక్కటి. ఏదీ కొనకముందు హాల్లో ముగ్గుపిండితో ఆ గది కొలతలు గీసి, కమోడు చోట స్టూలు, స్నానం చోట కుర్చీ వేసి, అత్తయ్యగారిని వాకరుతో నడిచి చూపమనండి.

తెనాలి కోడలు:

మీ అందరికీ ఎన్ని నమస్కారాలు చెప్పినా చాలవు. నిన్న సాయంత్రం ముగ్గుపిండితో గీశాము. అత్తయ్యగారు మొదట సిగ్గుపడ్డారు, తరువాత ఆవిడే ఉత్సాహంగా మూడు సార్లు నడిచారు. గది మధ్యలో తలుపు అనుకున్న చోటు నుంచి వాకరుతో లోపలికి రాగలిగారు గాని, స్టూలు వైపు వీపు తిప్పేటప్పుడు వాకరు కాలు ప్రతిసారీ గీత దాటింది. తలుపును ఒక అడుగు స్నానం వైపుకు జరిపి గీస్తే, ఏటవాలుగా వచ్చి తేలికగా తిరిగారు. ఆ ఒక్క అడుగు బొమ్మలో ఎక్కడా కనిపించదు. స్టూలు మీద నుంచి లేచేటప్పుడు ఆవిడ చేయి కుడి వైపుకే పోయింది. అటు పడమటి ఇటుక గోడ వస్తుంది కనుక కడ్డీకి ఇబ్బంది లేదు.

ట్యాంకు మూత తీయించి కొలిచాము. గొట్టం నేలకు 18 అంగుళాల లోతున ప్రవేశిస్తోంది. వానాకాలంలో నీరు అక్కడిదాకా రాదని మావయ్యగారు చెప్పారు. చినమావగారు కూడా నిన్న ముగ్గు పక్కనే కూర్చుని అంతా చూశారు. దేవుడి గది గోడకు ఈ గది ఆనకుండా ఉంటే చాలన్నారు, ఆనదు. ఇప్పుడు నాకు మిగిలిన సందేహం గుమ్మం దగ్గర గడప గురించే. అసలు గడపే లేకపోతే నీళ్ళు హాల్లోకి రావా?

ప్లంబరు, గుంటూరు:

18లో 10 పోగా సందు మొదట్లో గొట్టం 8 అంగుళాల లోతున ఉంటుంది. వాటం సరిపోతుంది. కాని గొట్టం పైన మిగిలేది 4 అంగుళాల మన్నే గనుక, సందు పొడవునా దాని మీద కాంక్రీటు పట్టీ వేయించండి. కమోడు గొట్టం బయటికి వచ్చిన చోట గాలి గొట్టం ఒకటి మేడ పైదాకా లేపండి.

గడప అక్కరలేదు. గది గచ్చును హాలు కంటె అర అంగుళం మాత్రమే దించి, ఆ అంచును గరుకుగా వాలుగా చెక్కించండి, వాకరు తగలదు. నానీ ట్రాప్ తలుపు దగ్గర కాకుండా స్నానం వైపు దూరపు మూలలో ఉండాలి. తలుపు నుంచి ఆ మూలకు అడుగుకు పావు అంగుళం లోపు వాటం చాలు, అంతకు మించితే కుర్చీ వాలుతుంది. అడుగు చదరపు గరుకు టైల్స్ తీసుకోండి, పెద్ద పలకలతో వాటం కుదరదు. టైల్స్ వేయకముందు నీరు పట్టని పూత రెండు సార్లు వేయించి, నానీ ట్రాప్‌కు గుడ్డ బిగించి, రెండు అంగుళాల నీళ్ళు 48 గంటలు నిలబెట్టి చూడండి. మట్టం ఎక్కడికి ఉందో గోడ మీద పెన్సిలుతో గీత గీయండి. మర్నాడు ఆ గీత కంటె నీరు బాగా దిగితే మేస్త్రిని టైల్స్ పెట్టె విప్పనివ్వకండి.