నర్సులకి అనస్థీషియా పీజీ పెడితే తప్పేటి? సిక్కోలు, విజీనారం వాళ్లు చెప్పండి

సిక్కోలు_సిస్టర్:
అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ చేసి తొమ్మిదేళ్లయింది, అందులో ఆరేళ్లు ఓటీలోనే, అంటే ఆపరేషన్ థియేటర్లో. ఆసుపత్రి పేరు చెప్పను, శ్రీకాకుళం జిల్లా అనుకోండి చాలు. పోయిన నెల ఒక రాత్రి పదకొండింటికి నొప్పులతో ఒకమ్మాయి వచ్చింది, మొదటి కాన్పు సిజేరియన్, ఇదీ ఆపరేషనే చెయ్యాలి. గైనిక్ మేడం ఉన్నారు, ఓటీ రెడీ, రక్తం ఉంది, పిల్లల డాక్టరు గారు ఫోన్ చెయ్యగానే వచ్చీసారు. మత్తు డాక్టరు గారే లేరు. ఉన్నది ఒక్కరు, ఆయన లీవు, బయట నుంచి పిలిచే ఆయన ఆ రాత్రి విశాఖలో ఉన్నారు. చివరికి 108 ఎక్కించి పెద్దాసుపత్రికి పంపీసాం. చేతికి సెలైన్ సూది పెట్టి ఫైలు పట్టుకుని నేనే బండి దాకా వెళ్లాను. ఆ అమ్మాయి నా మణికట్టు పట్టుకుని "అన్నీ ఉన్నాయంటన్నారు కదా సిస్టర్, మరెందుకు పంపీస్తన్నారు" అంది. నాకు నోట మాట రాలేదు. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు, దేవుడి దయ, కానీ దారిలో ఆ పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లి ఉంటే?

అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. అమెరికాలో, స్వీడన్‌లో నర్సులు మత్తు ఇస్తారు, దానికి పెద్ద చదువే ఉంది. మన దగ్గర ఐసీయూలో పనిచేసిన బీఎస్సీ నర్సులకి అలాంటి పీజీ పెట్టి, బాగా నేర్పించి, ఇలాంటి ఆసుపత్రుల్లో మత్తు ఇవ్వనిస్తే తప్పేటి? డాక్టర్లు కూడా చెప్పండి, తిట్టినా పర్లేదు.

మత్తుడాక్టర్_విజీనారం:
తిట్టడం ఎందుకమ్మా, ఓటీలో మంచి సిస్టర్ లేకపోతే నాకు చెయ్యి ఆడదు. అయినా నేను దీనికి వ్యతిరేకం, ఎందుకో చెప్తాను.

జనం అనుకునేది ఏంటంటే వెన్నుకి సూది వేసీడమే మత్తు డాక్టరు పని అని. సూది రెండు నిమిషాలు. అసలు కథ తర్వాతి పది నిమిషాలది. హెవీ బుపివకైన్ అనే మత్తు మందు రెండు మిల్లీలీటర్లు లోపలికి వెళ్లాక గర్భిణీకి బీపీ దబ్బున పడిపోతుంది, ముందు ఆవలింత వస్తుంది, తర్వాత వికారం అంటుంది, అది తిన్నది పడక కాదు, మెదడుకి రక్తం చాలక. కుడి తుంటి కింద దిండు పెట్టి ఎడమకి వాల్చాలి, బీపీ పెంచే మందు ముందే సిరంజిలో లోడ్ చేసి ఉండాలి. కొందరికి మత్తు పైకి ఎక్కేస్తుంది, నేను ప్రతి పేషెంటునీ నా వేళ్లు గట్టిగా పిండమంటాను, పట్టు సడలిందంటే, గొంతు గుసగుసలా మారిందంటే ఇంక టైం లేదు. అప్పుడు గొంతులో ట్యూబు వెయ్యాలి, కడుపు నిండుగా ఉన్న మనిషికి, కాన్పు వాపుతో గొంతు ఇరుకైన మనిషికి. ఎండీ మూడేళ్లు చేసి వచ్చినా మొదటి ఏడాది ఒంటరి నైట్ డ్యూటీ అంటే నాకు నిద్ర పట్టేది కాదు. మూల ఊళ్లో, సాయానికి ఇంకో మనిషి లేని చోట మీ నర్సుని ఒక్కదాన్నే నిలబెడతారా? తేలిక కేసులున్న చోట డాక్టరూ కష్టమైన చోట నర్సూనా? తిరగేసి ఉంది ఈ లెక్క.

ఇంకోటి, చట్టం. ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) చట్టంలో రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. కోర్సు చదివినా రేపు కేసు అయితే ఆ సిస్టర్ వెనక ఎవరూ నిలబడరు.

బొబ్బిలి_వీణ:
మాది బొబ్బిలి, బీఎస్సీ విశాఖలో చేసి ఇప్పుడు అమెరికాలో సీఆర్ఎన్ఏ, అంటే మత్తు ఇచ్చే నర్సుల ప్రోగ్రాం రెండో ఏడాదిలో ఉన్నాను, కాబట్టి ఇక్కడి సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. "నర్సు మత్తు ఇస్తాది" అని ఒక్క ముక్కలో అనేస్తే తప్పు అర్థం వస్తుంది.

సీటు కావాలంటే నర్సింగ్ డిగ్రీ, లైసెన్సు, కనీసం ఏడాది క్రిటికల్ కేర్ అనుభవం ఉండాలి. ఆ ఏడాది కనీసం మాత్రమే, మా బ్యాచ్‌లో ఎక్కువమంది అంతకంటే చాలా ఎక్కువ చేసినవాళ్లు. 2022 జనవరి 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకి డాక్టరేట్ తప్పనిసరి, మూడేళ్లు. బయటికి వచ్చేలోగా తక్కువలో తక్కువ 600 కేసులు, 2000 గంటల క్లినికల్. కేసులు కూడా మనకి నచ్చినవి ఏరుకోడానికి ఉండదు, పసిపిల్లలు, కాన్పులు, గుండె, ఊపిరితిత్తులు, ఎమర్జెన్సీలు, ఒక్కోదానికి ఒక్కో లెక్క ఉంటుంది. అదంతా అయ్యాక జాతీయ పరీక్ష పాసవ్వాలి. చదువుతూ ఉద్యోగం చెయ్యడం అన్నది అయ్యే పని కాదు.

నా మొదటి వారంలో ఒక కేసు. ట్యూబు వేసాను, సరిగ్గానే వెళ్లిందనుకున్నాను, ఛాతీ కూడా లేచినట్టే కనిపించింది. ఆక్సీమీటరు 99 చూపిస్తోంది, శబ్దం కూడా టింగ్ టింగ్ మని హాయిగానే ఉంది. కానీ కార్బన్ డయాక్సైడ్ గీత లేవట్లేదు, తెర మీద చదునుగా పాకుతోంది. నాకు నేర్పే ఆవిడ నెమ్మదిగా "గీత చూడు, తీసెయ్, మాస్క్ పెట్టు" అంది. ట్యూబు అన్నవాహికలో ఉంది. ముందే మూడు నిమిషాలు ఆక్సిజన్ పట్టించాం కాబట్టి నంబరు ఇంకా పడలేదు, ఆ శబ్దం కిందకి దిగేదాకా నమ్ముకుని ఉంటే ఆలస్యం అయిపోయేది. ఆ రోజు నా భుజం పక్కన మనిషి ఉంది. డాక్టరు గారు అడిగేది అదే కదా, పక్కన మనిషి. ఇక్కడ ట్రైనింగ్ అంటే మూడేళ్లపాటు ఆ పక్కనున్న మనిషే.

ఉద్దానం_కొబ్బరి:
నేను ఆసుపత్రి మనిషిని కాదు, కొబ్బరి తోట మాది. మా అమ్మకి కిడ్నీలు పోయాయి, మా పక్క ఇది ఇంటింటి కథ, అందరికీ తెలిసిందే. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు, అంతకుముందు పెద్ద వైద్యానికి విశాఖే. సిస్టర్ గారి బాధ నాకు అర్థమవుతాది, మా చెల్లినీ అలాగే రాత్రిపూట బండెక్కించి పంపీసారు.

కానీ ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఈ నర్సు మత్తు విశాఖ కార్పొరేట్ ఆసుపత్రిలో పెడతారా? పెట్టరు. సీతంపేట ఏజెన్సీలోనూ మా మందస పక్కనా పెడతారు. ఊళ్లో క్లినిక్కు అంటే డాక్టరు బదులు నర్సమ్మ, సరే జ్వరానికి మంచిదే, చాలా బాగా చూస్తంది ఆవిడ. ఇప్పుడు ఆపరేషన్‌కీ అదేనా? మాలాంటోళ్లకి ఎప్పుడూ రెండో రకమేనా? డాక్టర్లు రారని మాకు తెలుసు, ఎందుకు రారో సర్కారు తేల్చాలి గానీ, రారు కాబట్టి దీంతో సరిపెట్టుకోండి అంటే మనసు ఒప్పదు.

బాయిల్స్_బాబు:
ఈ చర్చలో మమ్మల్ని ఎవరూ తలవలేదు. అనస్థీషియా టెక్నీషియన్‌ని, పన్నెండేళ్లు. పొద్దున్నే మత్తు ఇచ్చే బాయిల్స్ మెషిన్ లీక్ చెక్ చేసేది, సిలిండర్ ప్రెషర్ చూసేది, సక్షన్ పనిచేస్తోందో లేదో చూసేది మేం. 2021 అలైడ్ హెల్త్ చట్టంలో మా వృత్తి పేరు కూడా ఉంది. పీజీ ఏదో పెడితే నర్సులకేనా, మాకు మెట్టు లేదా? కొన్ని ప్రైవేట్ చోట్ల డాక్టరు గారు రెండు ఓటీల మధ్య తిరుగుతుంటే మానిటర్ దగ్గర నిలబడేది మేమే, కాగితం మీద మాత్రం మేం లేం. ఉన్నదే చెప్తన్నాను.

సిక్కోలు_సిస్టర్:
ఉద్దానం అన్నయ్యా, కోపం ఎందుకు, మీ మాట గుచ్చుకుంది. నేను రెండో రకం అడగట్లేదు, వీణ చెప్పినట్టు 600 కేసులు చేసినదాన్ని రెండో రకం అనలేం కదా. ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు పెట్టి పంపీస్తామంటే నేనే ముందు వద్దంటాను, అలాంటి మత్తు నా చెల్లికి ఇవ్వనివ్వను.

డాక్టరు గారూ, ఎంబీబీఎస్ వాళ్లకి 18 వారాల్లో కాన్పుల మత్తు నేర్పించి పంపే ట్రైనింగ్ ప్రభుత్వమే పెట్టింది కదా. 18 వారాలు చాలు అన్నప్పుడు ఐసీయూ చేసి వచ్చిన నర్సుకి మూడేళ్లు చాలవా? వెంటిలేటర్ పేషెంటుని రాత్రంతా చూసేది మేమే, అడ్రినలిన్ ఇన్‌ఫ్యూజన్ పెంచి తగ్గించేదీ మేమే.

బాబూ నువ్వన్నదీ న్యాయమే, నాకు తట్టలేదు.

ఒక్క భయం మాత్రం నాకూ ఉంది. నర్సింగ్ కౌన్సిల్ రెండేళ్ల క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెట్టింది, నా క్లాస్‌మేట్ ఉద్యోగం మానేసి మరీ చేసింది, రెసిడెన్సీలా పగలూ రాత్రీ. ఇప్పుడు ఆవిడ ఎక్కడుందో తెలుసా, మళ్ళీ స్టాఫ్ నర్సుగానే, అదే జీతం, అదే డ్యూటీ చార్టు. ఆ పేరుతో పోస్టే లేదు. చదివించి గాలికి వదిలేస్తారేమోనని.

మత్తుడాక్టర్_విజీనారం:
18 వారాల ట్రైనింగ్ గురించి అడిగారు, నిజాయితీగా చెప్తాను. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇద్దరు చాలా తెలివైనవాళ్లు, చెయ్యి కూడా బాగా తిరిగింది. వెనక్కి వెళ్లాక ఒకాయన్ని ఓపీలో కూర్చోబెట్టారు, ఎనిమిది నెలలు వెన్నుకి ఒక్క మత్తు సూది కూడా వెయ్యలేదు, తర్వాత అర్ధరాత్రి పిలిస్తే వణికిపోయి నాకు ఫోన్ చేసాడు. చెయ్యి రోజూ ఆడాలి, లేకపోతే తుప్పు పడుతుంది. కాబట్టి ఆ పథకం చూపించి నన్ను ఒప్పించలేరు, అదే నా వాదనకి సాక్ష్యం.

600 కేసుల మాటకి వస్తే, ఎక్కడ చేయిస్తారు? బోధనాసుపత్రిలో ఒక ట్యూబు వెయ్యాలంటే ముగ్గురు పీజీలు, ఇద్దరు హౌస్ సర్జన్లు వరసలో ఉంటారు. విజీనారంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లోనే మొదలైంది. పిల్లల కేసులు, గుండె కేసులు ఇక్కడ ఎన్ని దొరుకుతాయి? కేసులు లేకుండా కోర్సు పెడితే లాగ్‌బుక్కులో సంతకాలు పెరుగుతాయి అంతే. 2019లో డాక్టరు కానివాళ్లు కూడా కొంతమేర వైద్యం చెయ్యొచ్చని, కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ అని చట్టంలో పెట్టినప్పుడు డాక్టర్లం రోడ్డెక్కింది అహంకారంతో అనుకున్నారు చాలామంది, మా భయం ఇదే.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. పెద్దాసుపత్రిలో, పక్క గదిలో డాక్టరు ఉండగా, బాగా చదివిన నర్సు కేసు నడిపితే నాకు అభ్యంతరం లేదు. ఒంటరిగా మాత్రం కాదు.

బొబ్బిలి_వీణ:
సార్, ఇక్కడ చాలా ఆసుపత్రుల్లో మీరు చెప్పిన పద్ధతే, ఒక డాక్టరు నలుగురి దాకా పర్యవేక్షిస్తారు. ఒంటరిగా చేసే పల్లె ఆసుపత్రులూ ఉన్నాయి, 2001 నుంచి రాష్ట్రాలకి ఆ వెసులుబాటు ఇచ్చారు. ఈ గొడవ ఇక్కడా పాతదే. మేయో క్లినిక్‌లో ఆలిస్ మెగా అనే నర్సు 1906లో తన 14 వేలకి పైగా మత్తు కేసుల గురించి రాసింది, మత్తు వల్ల ఒక్క చావు లేదని. 1936లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టులో డాగ్మార్ నెల్సన్ అనే నర్సు మీద డాక్టర్లు వేసిన కేసు తేలింది, సర్జన్ పర్యవేక్షణలో నర్సు మత్తు ఇస్తే అది అక్రమ వైద్యం కాదన్నారు. ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. 2014లో వైద్య పరిశోధనల్ని సమీక్షించే కొక్రేన్ సంస్థ వాళ్లు పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, డాక్టరు, నర్సు ఇద్దరిలో ఎవరు మెరుగో గట్టిగా తేల్చడానికి ఆధారాలు చాలవన్నారు. కాబట్టి నేనూ గొప్పలు చెప్పను. కానీ సార్, మీరన్న పక్క గది పద్ధతైనా మన దగ్గర పెద్దగా లేదు కదా. అది మొదలుపెట్టండి ముందు.

ఉద్దానం_కొబ్బరి:
ఇవన్నీ చదివాను, సగం అర్థమైంది. డాక్టరు గారూ, చర్చకి సంబంధం లేదు గానీ, మా అమ్మకి వచ్చే బుధవారం గాల్‌బ్లాడర్ ఆపరేషన్, పూర్తి మత్తు అంటన్నారు. ఏటి అడగమంటారు అక్కడ?

మత్తుడాక్టర్_విజీనారం:
సంబంధం ఎందుకు లేదు బాబూ, ఇదే అసలు సంగతి. ఆపరేషన్ ముందు రోజు డయాలసిస్ అయ్యేట్టు చూడమనండి, అయ్యాక రక్తంలో పొటాషియం ఎంతుందో రిపోర్టు తీసుకోండి. ట్యూబు వేసేముందు ఇచ్చే స్కోలిన్ అనే మందు పొటాషియాన్ని ఇంకా పెంచుతుంది, ముందే ఎక్కువుంటే గుండెకి ప్రమాదం, అందుకని మత్తు డాక్టరు గారికి కిడ్నీ సంగతి మీ నోటితో మీరే చెప్పండి, ఫైలులో ఉందిలే అనుకోవద్దు. బీపీ మాత్రల్లో పొద్దున్న ఏవి వెయ్యాలో అడగండి.

సిక్కోలు_సిస్టర్:
అన్నయ్యా, ఇంకోటి. ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టింది, ఉన్న చేతికి బీపీ కట్టనివ్వకండి, సూది గుచ్చనివ్వకండి. ఓటీలోకి తీసుకెళ్లేటప్పుడు మిమ్మల్ని బయటే ఆపేస్తారు, అక్కడ ఎవరికి గుర్తుంటుందో గుర్తుండదో, అందుకని ముందే ఆ చేతికి ఎర్ర గుడ్డ ముక్క వదులుగా కట్టి, ఎందుకు కట్టారో ఓటీ సిస్టర్‌కి చెప్పి పంపండి. బుధవారం నాకు ఆఫ్. ఏ ఆసుపత్రో మెసేజ్ పెట్టండి, దగ్గరైతే వస్తాను.