తిరుపతిలో స్టేషన్‌కు దగ్గర ఇల్లు కొంటే ధర నిలుస్తుందా?

చంద్రగిరి కోడలు:
అందరికీ నమస్కారం. మేము చంద్రగిరిలో బాడుగకుంటాము. సొంత ఇంటి కోసం ఆరు నెలలుగా తిరిగితే చివరికి రెండు మిగిలినాయి. ఒకటి తిరుపతి రైల్వే స్టేషన్ వెనకపక్క, గోవిందరాజస్వామి సత్రాలకు దగ్గర్లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. కట్టి పన్నెండేళ్లయింది. అదే డబ్బుకు అవిలాల వైపు 40 అంకణాల్లో (అంకణం అంటే మా పక్క స్థలం కొలిచే లెక్క) పాత మిద్దె ఇల్లు వస్తుంది. మా మామగారు "రైలు, బస్సు పక్కనుండే ఇంటికి గిరాకీ ఎప్పుడూ తగ్గదు, ఫ్లాటు తీసుకోండి" అంటారు. మా అమ్మకు ఆ ఫ్లాటు అసలు నచ్చలేదు. ఏది కొన్నా పదేళ్లు ఉంటాము, తర్వాత పాప పైచదువుకు అమ్మాల్సి రావచ్చు. అనుభవం ఉండేవాళ్లు చెప్పండి.

సత్రాల సందు:
అమ్మా, మీ మామగారు చెప్పేది నిజం. మేము ఆ పక్కనే 22 ఏళ్లుగా ఉండాము. కింద మేము, పైన రెండు పోర్షన్లు బాడుగకు. కరోనా అప్పుడు తప్ప పోర్షను నెల రోజులు ఖాళీగా ఉండింది లేదు. ఒకరు ఖాళీ చేస్తామని చెప్పిన వారానికే ఇంకొకరు అడ్వాన్సు తెచ్చిస్తారు. రైల్వే వాళ్లు, లాడ్జీల్లో, అంగళ్లలో పనిచేసేవాళ్లు, రోజూ చెన్నైకో రేణిగుంటకో పోయొచ్చేవాళ్లు. మా ఇంట్లో ఈ రోజుకీ స్కూటర్ లేదు. గుడికి, అంగడికి, బస్టాండుకు నడిచే పోతాను. ఇన్నేళ్లుగా మిగిలిన ఆ పెట్రోలు డబ్బును కూడా ఇంటి విలువలో లెక్కెయ్యాల.

చప్పుడు లేదని అబద్ధం చెప్పను. గూడ్సు బండి పోయేటప్పుడు వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగుతాయి. మా ఆమె గ్లాసుకూ గ్లాసుకూ మధ్య గుడ్డముక్కలు పెట్టింది. దాంతోనే 22 ఏళ్లు గడిచిపోయినాయి.

ఆర్‌సీ రోడ్డు:
అన్నా, మీది సొంత స్థలంలో కట్టుకున్న ఇల్లు. ఆమె అడిగేది ఫ్లాటు. చిక్కంతా ఇక్కడే ఉంది.

తిరుపతిలో స్టేషన్ చుట్టూ ధర పెంచేది రోజూ ఆఫీసుకు పోయొచ్చేవాళ్లు కాదు, యాత్రికులు. స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం. వాటిలో గది దొరకనివాళ్ల కోసం చుట్టూ లాడ్జీలు. ఆ సందుల్లో స్థలం కొనేవాడు కాపురం పెట్టడానికి కొనడు. ఎన్ని గదులు లేపొచ్చో లెక్కేసుకుని కొంటాడు. మీ ఇంటికి పలికే ధర ఆ లెక్కదే. ఫ్లాటును లాడ్జిగా మార్చలేరు కదా. 120 అంకణాల్లో ఇరవై ఫ్లాట్లు కట్టి ఉంటే ఒక్కో ఇంటికి వచ్చే స్థలం వాటా ఆరు అంకణాలు. స్టేషన్ వల్ల పెరిగేది ఆ ఆరు అంకణాల ధర. గోడలు, లిఫ్టు, పైపులు ఏటికేడు పాతబడేవే.

నేనూ ఇట్లాంటి ఫ్లాటే 2014లో కొన్నాను. "స్టేషన్ 600 మీటర్లు" అన్నాడు కట్టినాయన. మ్యాపులో గీత గీస్తే అంతే. మనిషి నడిచే దారి పట్టాల చుట్టూ తిరిగి కిలోమీటరున్నర ఉంది. సంచులు మోసుకుని రెండుసార్లు నడిచినాక ఆటోలే ఎక్కినాము. అమ్మకానికి పెడితే రెండేళ్లు పట్టింది. బెంగళూరు నుంచి ఒక కుటుంబానికి అన్నీ నచ్చి, రెండోసారి చూడ్డానికి బ్రహ్మోత్సవాలప్పుడు వచ్చినారు. సందంతా ఆటోలు, జీపులు, ప్రైవేటు బస్సులు. బండి పెట్టే తావు లేక ఆయన కార్లోనే కూర్చుండిపోయినాడు. ఆమె ఒక్కతే పైకొచ్చి, బాల్కనీలోంచి కిందికి చూస్తా చాలాసేపు నిలబడింది. మళ్లీ ఫోను రాలేదు. చివరికి కొన్నదానికంటే కొంత ఎక్కువకే అమ్మినాను. అయితే అదే ఏడాది మా తమ్ముడు తుమ్మలగుంటలో కొన్న స్థలం పక్కన పెట్టి చూస్తే నాకు మిగిలింది ఏమీ లేదు.

సత్రాల సందు:
స్థలం వేరు, ఫ్లాటు వేరు అనే మాట ఒప్పుకుంటా తమ్ముడూ, నేను ఆ పక్క ఆలోచించలేదు. కానీ 2014 లెక్క ఇప్పటికి సరిపోదు. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచినాక తిరుచానూరు రోడ్డు నుంచి కపిలతీర్థం పోయే బండ్లు పైనే పోతా ఉండాయి. స్టేషన్‌ను కూడా కొత్తగా కడతా ఉండారు. ఆ పని అయిపోతే నడిచే దారులూ మారతాయి. ఆమె కొనేది ఇప్పుడు.

పాకాల మెము:
అక్కా, ఈ రెండిట్లో ఏది కొన్నా మంచిదే. "డబ్లింగ్ వస్తా ఉంది" అని చెప్పి మూడోది అంటగట్టేవాళ్లతో మాత్రం జాగ్రత్త. తిరుపతి, పాకాల, కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల రెండో లైనుకు 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది, 1,332 కోట్లు. కొన్ని రోజులకే మా ఊరి పక్క చేలల్లో రాళ్లు పాతి బోర్డులు పెట్టేసినారు.

నేను రోజూ ఆ లైన్లో తిరిగేవాణ్ని. ఒంటి లైను కాబట్టి ఎదురుబండి దాటేదాకా మా మెము ప్యాసింజరు బండిని ఆపేస్తారు. రెండోది పడితే ఆ కాచుకోవడం తగ్గుతుంది, మాకది పెద్ద మేలు. ఆ మేలు దక్కేది బండి ఆగే స్టేషన్‌కు నడిచి చేరగలిగే ఇంటికే. ఊరికే లైను పక్కనుండే ప్లాటుకు దక్కేది చప్పుడే. పైగా ధర వార్త రాగానే ఎక్కేస్తుంది, రైలు ఎప్పటికో వస్తుంది. హైదరాబాదు మెట్రోకు ఒప్పందం 2010లో అయితే, మియాపూర్ నుంచి నాగోలుకు జనం ఎక్కింది 2017 నవంబరులో. ఆ ఏడేళ్ల వడ్డీ ఎవరు కడతారు? అందుకే రాబోయే బండిని చూసి కాదు, ఈ రోజు నడిచే బండిని చూసి ధర కట్టండి.

నైట్ డ్యూటీ:
అందరూ రైలు గురించే చెప్తున్నారు. నేను అలిపిరి రోడ్డు వైపు ఆసుపత్రిలో నర్సుని. నాలాంటివాళ్లకు బస్సే ముఖ్యం. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు కదా. నాతో పనిచేసే ఇద్దరు టౌన్లో బాడుగ వదిలేసి, బస్సు తిరిగే పల్లెలకు మారిపోయారు. ఇల్లు వెతికేటప్పుడు వాళ్లు మొదట అడిగింది బాడుగ కాదు, ఆఖరి బస్సు ఎన్నింటికని. అవిలాల ఇంటికి మీరూ అదే అడగండి. బస్సు దిగినచోటి నుంచి ఇంటి దాకా రాత్రి పది గంటలకు ఒకసారి నడిచి చూడండి. వీధి లైట్లు వెలగని దారి అయితే, ఎంత దగ్గరైనా ఆడపిల్లకు అది దూరమే. రేపు మీ ఇల్లు బాడుగకు అడిగేవాళ్లూ దాన్నే చూస్తారు.

ఇంకొక మాట. అవిలాల నుంచి మా వైపు రావాలంటే పట్టాలు దాటాలి. వెస్ట్ చర్చి దగ్గర రైలు వంతెన కింద వానొస్తే నీళ్లు నిలుస్తాయి. 2021 నవంబరు వరదల్లో డ్యూటీ దిగి, పావుగంటలో చేరే ఇంటికి రెండున్నర గంటలకు చేరాను. మ్యాపులో ఆ రోజు కూడా అదే దూరం చూపించింది.

చంద్రగిరి కోడలు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఈ రోజు తెల్లవారి నాలుగున్నరకే మా ఆయన, నేను, అత్తమ్మ ఫ్లాటు దగ్గరికి పోయినాము. కొండకు పోయేవాళ్లతో సందంతా అప్పటికే మేలుకొని ఉంది. అత్తమ్మ మెట్లమీద కూర్చుని "చప్పుడుకు అలవాటు పడొచ్చులేమ్మా, మనుషులుండే వీధి, భయం లేదు" అనింది. అది నాకూ నిజమే అనిపించింది. తర్వాత దస్తావేజు అడిగి చూసినాము. స్థలం వాటా ఏడు అంకణాలు. మామగారికి ఆ కాగితం చూపిస్తే కళ్లద్దాలు తీసి తుడుచుకుని ఇంకోసారి చదివినారు. "అక్కడ నలభై కదా?" అని అడిగినారు, అంతే.

అవిలాలలో బస్సు ఆగే చోటు ఇంటికి ఎనిమిది నిమిషాల నడక. ఆఖరి బస్సు సంగతి కండక్టర్ని అడగాలి. ఈ వారం వాన పడేట్టుంది. పడిన రోజే పోయి ఆ వంతెన దగ్గర నీళ్లు ఎంత లేస్తాయో చూసి, ఆ తర్వాతే అడ్వాన్సు మాట ఎత్తుతాము.