పండుగ పూట కుక్కకు వేషం: వేయొచ్చా, మెడగుడ్డతో ఆపేయాలా?

జాగిలం_మిత్ర
పండుగ వస్తే చాలు, కుక్కలకు టోపీలు, రెక్కలు, నాలుగు కాళ్ల సూట్లు తొడిగిన ఫొటోలే ఎక్కడ చూసినా. నా వాదన ఒక్కటే: మెడగుడ్డ దాటి ఏదీ వద్దు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొద్దిగా పడుతుందంతే. ఒంటి వేడి దిగాలంటే నోరు తెరిచి రొప్పాల్సిందే. దాని మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. అంటే మధ్యలో ఉన్న వెసులుబాటు రెండు డిగ్రీలు కూడా కాదు. జనంతో నిండిన గదిలో గంతులేసే కుక్కకు పాలిస్టర్ సూటు బిగిస్తే ఆ కాస్తా హరించుకుపోతుంది. ఇంకో సంగతి. చెవులు, తోక, వీపు మీద నిక్కబొడుచుకునే బొచ్చు చూసే ఎదుటి కుక్క దీని మనసు తెలుసుకుంటుంది. వాటిని కప్పేస్తే తగువులు పెరుగుతాయి.

కత్తెర_సూది
మిత్ర గారూ, వేడి గురించి మీరు చెప్పింది నిజమే. కానీ తప్పు వేషానిది కాదండీ, కోతది. రెడీమేడ్ సూట్లను చిన్న, మధ్య, పెద్ద అని బరువు చూసి అమ్ముతారు. ఒకే బరువున్న పగ్‌ని, డాష్‌హుండ్‌ని పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒకదానికి ఎద వెడల్పు, ఇంకోదానికి వీపు పొడవు. ఇద్దరికీ ఒకే సూటు ఎలా సరిపోతుంది?

కుక్కను నిలబెట్టి టేపుతో మూడు కొలతలు తీయాలి. కాలర్ ఉండే చోట మెడ చుట్టుకొలత. ముందుకాళ్ల వెనకాల, అన్నిటికన్నా వెడల్పైన చోట ఎద చుట్టుకొలత. మెడ మొదలు నుంచి తోక మొదలు దాకా వీపు పొడవు. మధ్యస్థ సైజు కుక్కకు నేత గుడ్డ అయితే ఎద కొలతకు 4, 5 సెంటీమీటర్లు కలపాలి. బనియన్ గుడ్డ సాగుతుంది కాబట్టి 2 చాలు. వీపు పొడవులో 5 సెంటీమీటర్లు తగ్గించి కత్తిరిస్తే కూర్చున్నప్పుడు తోక కింద నలగదు. కడుపు కింది ముక్క వీపు పొడవులో సగం దగ్గరే ఆగిపోవాలి. మగకుక్కకు అంతకన్నా పొడవు పెడితే మూత్రంతో తడుస్తుంది, ఆ తడి గుడ్డ రోజంతా ఒరుసుకుని చర్మం చెడుతుంది.

చాలామంది చూడని చోటు చంక. ముందుకాలు ముందుకీ వెనక్కీ ఊగుతుంది కాబట్టి కాలి రంధ్రం గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి. చంక కింద రెండు వేళ్లు ఆడాలి. అక్కడ కుట్టు అంచు బయటివైపుకి తిప్పాలి, లోపలికి వస్తే ఉప్పుకాగితంలా గీకుతుంది. కాలి చుట్టూ ఎలాస్టిక్ మాత్రం ఎప్పుడూ వేయకూడదు. బొచ్చులో దాగిపోయి, విప్పడం మరిస్తే చర్మంలోకి దిగుతుంది.

పెంపుడు_పాఠం
మీరిద్దరూ గుడ్డ గురించే మాట్లాడుతున్నారు. కుక్క ఏమంటోందో కూడా చూద్దాం.

వేషం వేశాక కదలకుండా నిలబడిన కుక్కను చూసి "ఎంత బుద్ధిగా ఉందో" అంటారు. అది బుద్ధి కాదండీ, బిగుసుకుపోవడం. పారిపోయే దారి లేదనుకున్నప్పుడు కుక్క చేసే పని అదే. తల తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకు తిప్పి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం, ఎదురుగా తిండి లేకపోయినా మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవులించడం, చెవులు వెనక్కి అతుక్కుపోవడం, తోక కాళ్ల మధ్య దూర్చడం. వీటిలో ఏ రెండు కలిసి కనిపించినా వేషం తీసేయాలి. ఇష్టమైన తాయిలాన్ని కూడా ముట్టడం లేదంటే ఆలోచించాల్సిన పనే లేదు.

పండుగకు రెండు వారాల ముందే మొదలుపెట్టండి. ముందు ఆ బట్టను నేల మీద పరిచి, వాసన చూసినప్పుడల్లా తాయిలం ఇవ్వాలి. తర్వాత వీపు మీద మూడు సెకన్లు వేసి తీసేయాలి. వరస తప్పకూడదు: ముందు బట్ట, ఆ వెంటనే తాయిలం. తాయిలం చూపించి పిలిచి, దగ్గరికి రాగానే బట్ట మీద వేశామా, ఇక తాయిలాన్ని చూసినా అనుమానిస్తుంది. ఆ తర్వాత మెడ రంధ్రాన్ని వెడల్పుగా చేత్తో పట్టుకుని, అవతలి వైపు తాయిలం ఉంచి, కుక్క తనంతట తనే తల దూర్చేదాకా ఆగాలి. కాళ్లు దూర్చడం, టిచ్ బటన్లు పెట్టడం అన్నిటికన్నా చివర. వెల్క్రో ఉంటే దాని చప్పుడు దూరంగా విడిగా అలవాటు చేయాలి. చెవి పక్కన చర్రుమని చిరిగిన చప్పుడుకే బెదిరిపోయే కుక్కలున్నాయి.

జాగిలం_మిత్ర
పాఠం గారూ, ఇదంతా ఓర్చుకోవడం నేర్పడమే కదా? తాయిలం కోసం భరిస్తోందా, నిజంగా అభ్యంతరం లేదా అన్నది ఎలా తెలుస్తుంది?

పెంపుడు_పాఠం
అడగాల్సిన ప్రశ్నే అడిగారు. అలవాటైంది అనుకున్నాక, చేతిలో తాయిలం లేకుండా ఒక మీటరు దూరంలో వేషం పట్టుకుని కూర్చోండి, పిలవకండి. తనే వచ్చి తల దూరిస్తే సరే. ముఖం తిప్పుకున్నా, నేల వాసన చూస్తూ అవతలికి పోయినా "వద్దు" అన్నట్టే, ఆ రోజుకి వదిలేయాలి. వేసుకున్న తర్వాత కూడా 10 నిమిషాలకు మించి ఉంచాల్సిన అవసరం నాకు కనిపించదు, ఫొటోకి అది చాలా ఎక్కువ.

పశువైద్య_గది
బిగుతు, వేడి కన్నా ముందు అలంకారాల గురించి చెప్పాలి. మువ్వలు, పూసలు, చమ్కీలు, కుచ్చులు, అన్నీ కుక్క పంటికి అందేవే. రిబ్బను, జరీ తీగ, పొడవాటి దారం మింగితే ఒక కొన ఎక్కడో చిక్కుకుని పేగు దాని మీద ముడతలు ముడతలుగా దగ్గరికి లాగబడుతుంది. తీగ పేగును కోసేస్తుంది కూడా. మలద్వారం దగ్గర కొన వేలాడుతుంటే లాగకూడదు, కత్తిరించకూడదు, అలాగే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మిణుగురు లైట్లున్న వేషాల్లో బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోపే గోడను కాల్చేస్తుంది. వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు, పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. జింక్ కలిసిన జిప్పు ముక్క, బటన్ మింగినా ప్రమాదమే. కడుపులోని ఆమ్లానికి జింక్ కరిగి రక్తంలోకి చేరి ఎర్ర కణాలను పగలగొడుతుంది. చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం దాని లక్షణాలు. వేషంలో ఉన్న కుక్కను ఒంటరిగా గదిలో వదలొద్దు, నిప్పు దగ్గరికి పోనివ్వొద్దు. కృత్రిమ దారం గుడ్డ కరిగి చర్మానికి అంటుకుంటుంది.

బొచ్చు_రాజా
పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కలకూ, పొమరేనియన్, హస్కీ లాంటి రెండు పొరల బొచ్చున్నవాటికీ పల్చటి కాటన్ అయితే ఫరవాలేదా?

కత్తెర_సూది
వీటికి ఒంటి మీద గుడ్డ వద్దనే నేనూ అంటాను. పొట్టి ముక్కువాటికి రొప్పడమే కష్టం. రెండు పొరల బొచ్చు మీద గుడ్డ బిగిస్తే గాలి ఆడదు, చంకల్లో, చెవుల వెనక బొచ్చు ఉండలు కడుతుంది. వీటికి హార్నెస్‌నే, అంటే ఎద చుట్టూ వీపు మీదుగా వేసే పట్టీలనే అలంకరించండి. వీపు పట్టీ మీద మాత్రం ఫెల్ట్ ఆకులో, నక్షత్రాలో దగ్గర దగ్గర కుట్లతో గట్టిగా కుట్టండి. కుక్కకు అలవాటైన వస్తువే, కొత్తగా ఏదీ తగలదు. వేషం వేసుకున్న కుక్కకు కూడా హార్నెస్ లోపల ఉండాలి, లీష్ (కుక్కను పట్టుకునే తాడు) కొక్కెం బయటికి రావడానికి వీపు మీద 3 సెంటీమీటర్ల చీలిక పెట్టాలి. లీష్‌ని వేషానికే తగిలిస్తే ఒక్క గుంజుకి కుట్లు ఊడి కుక్క జనంలోకి పరుగెత్తుతుంది.

జాగిలం_మిత్ర
హార్నెస్ అలంకారానికి ఒప్పుకుంటున్నాను. వీపు మీద మాత్రమే పడే కేప్‌కి కూడా, పాఠం గారు చెప్పిన పరీక్ష దాటితేనే. మెడగుడ్డను ముడేయకుండా, పై అంచున గొట్టంలా మడిచి కుట్టి కాలర్ దూర్చితే ఇంకా మేలు, ముడి బిగుసుకునే బాధ ఉండదు. కానీ టోపీలు, కొమ్ముల పట్టీల దగ్గర నేను తగ్గను. గడ్డం కింద ఎలాస్టిక్ ఉందంటే నోరు పూర్తిగా తెరుచుకోదు.

కత్తెర_సూది
ఎలాస్టిక్ తీసేసి, తలకూ మెడకూ తొడిగే అల్లిన గొట్టం, అదే స్నూడ్ లాగా మెడ మీదే నిలబడి, చెవులకు రెండు పెద్ద రంధ్రాలున్నది అయితే? దవడ కింద ఏమీ ఉండదు, నోరు పూర్తిగా తెరవొచ్చు.

జాగిలం_మిత్ర
చెవులు కదిలినప్పుడల్లా రంధ్రం అంచు తగులుతూనే ఉంటుందండీ. ఫొటో అయ్యాక కుక్క ముందుకాలితో తల గీరుకుందంటే అది నా వైపు సాక్ష్యం.

పెంపుడు_పాఠం
ఒక్కసారి గీరుకుంటే వెంటనే తేల్చేయకండి. తీసేశాక ఒళ్లంతా ఒక్కసారి దులుపుకుని ఆటలో పడితే పెద్ద ఇబ్బంది కాదు. తర్వాత కూడా తల నేలకు రాస్తూ, మీ చెయ్యి తల వైపు వస్తే తప్పుకుంటుంటే మిత్ర గారి మాటే నిజం, ఆ కుక్కకు తల మీద ఇంకేమీ పెట్టకూడదు.