జర్మనీకి పంపిన స్కార్ఫ్ తిరిగొచ్చింది, ఫారంలో నేనేం తప్పు చేశాను?

ఉన్ని_ఉండ:

ఉన్ని స్కార్ఫులు చేసి నా సొంత పేజీలో అమ్ముతుంటాను. కొన్ని సూదులతో అల్లినవి, కొన్ని చిన్న మగ్గం మీద నేసినవి. రెండేళ్లుగా దేశం లోపలే పంపాను, ఏ ఇబ్బందీ రాలేదు. ఈమధ్య బయటి దేశాల ఆర్డర్లు మొదలయ్యాయి. మొదటిది జర్మనీకి, పోస్టులో పంపాను. పదహారు రోజులు ట్రాకింగ్‌లో ‘కస్టమ్స్ వద్ద ఉంది’ అన్న ఒక్క ముక్కే కనిపించింది. తర్వాత కొన్నావిడ మెసేజ్ పెట్టారు: ‘పన్ను కట్టి తీసుకెళ్లమంటున్నారు. మీకు మొత్తం డబ్బు ఇచ్చేశాను కదా, మళ్లీ ఇదేంటి?’ ఆవిడ తీసుకోలేదు. మొన్న ఆ పార్సిల్ మూలలు నలిగి, మూడు రకాల స్టిక్కర్లు అంటించుకుని నా గుమ్మం దగ్గరికి వచ్చింది.

పార్సిల్‌తో ఇచ్చే కస్టమ్స్ ఫారంలో ‘స్కార్ఫ్’ అని రాశాను. ఆవిడకి భారం తగ్గుతుందని ‘గిఫ్ట్’ గడిలో టిక్ పెట్టి, విలువ సగమే వేశాను. ప్రతి స్కార్ఫ్‌తో ఎండు లావెండర్ పూల చిన్న సంచి ఒకటి పెడతాను. ఊరికే ఇచ్చేదే కదా అని అది రాయలేదు. ఇప్పుడు ఆస్ట్రేలియాకి ఒకటి, అమెరికాకి ఒకటి టేబుల్ మీద ఉన్నాయి. ప్యాక్ చేయాలంటేనే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి, తిట్టినా ఫర్వాలేదు.

పాత_ప్యాకర్:

తిట్టనులెండి, నేనూ అవే చేశాను. చెక్క బొమ్మలు పంపడం మొదలుపెట్టి పదకొండేళ్లు. మొదటి ఏడాది ఒక పెట్టె దారిలో పోయింది. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా క్లెయిమ్ వేస్తే, ఫారంలో నేను రాసిన సగం విలువే చేతికొచ్చింది. ‘మీరే రాశారు కదా’ అన్నారు. నోరెత్తడానికి ఏముంది?

అమ్మిన వస్తువు గిఫ్ట్ కాదు. ఒక మనిషి ఇంకో మనిషికి డబ్బు తీసుకోకుండా పంపితేనే ఆ గడి. మీ పేజీలో ధర కనిపిస్తూనే ఉంటుంది, అనుమానం వస్తే కొన్నావిడనే రసీదు చూపించమంటారు. అబద్ధం మీది, ఇరుక్కునేది ఆవిడ.

ఇక ‘స్కార్ఫ్’ అన్న ఒక్క మాట. మీ పెట్టె కన్నా ముందే ఫారంలోని వివరాలు కంప్యూటర్‌లో అవతలి దేశానికి వెళ్తాయి. అక్కడివాళ్లు పెట్టె విప్పాలా వద్దా అనేది చాలావరకు ఆ నాలుగు ముక్కలు చూసే తేల్చుకుంటారు. కాబట్టి వస్తువును కళ్లతో చూడని మనిషికి అర్థమయ్యేలా రాయాలి. నేనైతే ఇలా రాస్తాను: ‘మెడ స్కార్ఫ్, 100 శాతం గొర్రె ఉన్ని, చేత్తో అల్లినది, 1’. దాని పక్కన హెచ్ఎస్ కోడ్, అంటే ఏ రకం సరుకో కస్టమ్స్‌కి చెప్పే అంకెలు.

ఈ కోడ్ దగ్గర మీకో తిరకాసు ఉంది. ప్రపంచ కస్టమ్స్ సంస్థ నడిపే ఈ పద్ధతి 1988 నుంచి అమల్లో ఉంది. మొదటి ఆరు అంకెలు దేశాలన్నిటికీ ఒకటే, ఆపైన ఎవరి అంకెలు వాళ్లు కలుపుకుంటారు. బట్టల్లో అల్లినవి 61వ అధ్యాయం, నేసినవి 62. అంటే మీ సూదుల స్కార్ఫ్ 6117.10, మగ్గం స్కార్ఫ్ ఉన్నిదైతే 6214.20. చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉన్నా కస్టమ్స్ లెక్కలో వేర్వేరు ఇళ్లు. సుంకం శాతం కూడా మారవచ్చు. అన్నిటికీ ఒకే కోడ్ కొట్టేయకండి.

తయారైన దేశం అని అడిగే చోట పంపే దేశం రాసేవాళ్లు చాలామంది. మీరు చేసిందే మీరు పంపుతున్నారు కాబట్టి మీకు రెండూ ఒకటే. వేరేవాళ్ల సరుకు కొని అమ్మితే మాత్రం చూసుకోవాలి.

లావెండర్ సంచి సంగతి. అది మొక్క సరుకు. ఆస్ట్రేలియా వాళ్లు పువ్వు, విత్తనం, గడ్డి, చెక్క లాంటివాటి విషయంలో చాలా కఠినం. రాయకుండా పెడితే ఇంకా తప్పు. ఊరికే ఇచ్చినదాన్నీ ఫారంలో రాయాల్సిందే. ఆ పెట్టెలోంచి ఇప్పుడే తీసేయండి. (నా బొమ్మల కింద ఎండుగడ్డి పరిచేవాణ్ణి, ముచ్చటగా ఉండేది. ఇప్పుడు కాగితం ముక్కలు.)

డబ్బా_టేపు:

పాత_ప్యాకర్ గారు చెప్పింది నిజమే కానీ, జర్మనీ పార్సిల్ తిరిగొచ్చింది ఫారం వల్ల కాదు. ఫారం బంగారంలా రాసినా ఆవిడని పన్ను అడిగేవాళ్లే. యూరోపియన్ యూనియన్‌లో 22 యూరోల లోపు సరుకుకి వ్యాట్ ఉండేది కాదు, 2021 జూలై 1న అది తీసేశారు. ఇప్పుడు వ్యాపార సరుకు ఎంత చిన్నదైనా వ్యాట్ ఉంది. ఆ మాట కొనేముందే ఆవిడకి చెప్పలేదు. అసలు తప్పు అక్కడ.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. వస్తువు 100, రవాణా 25 అనుకుందాం. యూరప్‌లో సుంకం పడితే 125 మీద వేస్తారు. అది 8 శాతమైతే 10. వ్యాట్ ఈ మొత్తం మీద, అంటే 135 మీద. 20 శాతమైతే 27. నూరు పెట్టి కొన్నావిడ గుమ్మం దగ్గర ఇంకో 37 అడిగితే ఎవరైనా తలుపేసుకుంటారు. పైన పోస్టువాళ్ల సర్వీసు ఛార్జీ వేరే.

నా సలహా ఒక్కటే, డీడీపీలో పంపండి. సుంకం, పన్ను మీరే ముందు కట్టి ధరలో కలుపుకోండి. కొన్నవాళ్లకి పార్సిల్ అందుతుంది, అంతే. పెట్టె కొలత కూడా చూసుకోండి, కొరియర్లు చాలావరకు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె అసలు బరువు కన్నా ఎక్కువైతే అన్ని కిలోలకి డబ్బు తీసుకుంటారు. 40, 30, 20 పెట్టెకి 4.8 కిలోల డబ్బు కట్టాలి, లోపల ఉన్నది అరకిలో ఉన్ని అయినా సరే. స్కార్ఫ్‌కి పెట్టె ఎందుకు, గట్టి కవర్ చాలు.

పాత_ప్యాకర్:

కవర్ మాటకి నా ఓటు. డీడీపీ మాత్రం నెలకి రెండు పార్సిళ్లు పంపేవాళ్లకి భారం అండీ. మామూలు పోస్టులో అది అన్ని చోట్లా దొరకదు, కొరియర్ అయితే పన్ను ముందు కట్టినందుకు మళ్లీ రుసుం వేస్తుంది. నేను ఎక్కువగా డీఏపీలోనే పంపుతా, అంటే దిగుమతి పన్ను కొన్నవాళ్లది. (కౌంటర్ దగ్గర దీన్నే ఇంకా పాత పేరుతో డీడీయూ అంటుంటారు. ఇలాంటి షరతుల అంతర్జాతీయ పట్టిక ఇన్‌కోటెర్మ్స్, దాని 2010 కూర్పులోనే ఆ మాటని తీసేశారు.) కాకపోతే ఆర్డర్ పేజీలో బటన్ పైనే రాస్తా: ‘మీ దేశపు సుంకం, పన్ను ఈ ధరలో లేవు, పార్సిల్ అందేటప్పుడు మీరు కట్టాలి.’ అది పెట్టాక ఆర్డర్లు కొన్ని తగ్గాయి, తిరిగొచ్చేవి దాదాపు ఆగిపోయాయి.

అమెరికా సంగతి వేరు. 800 డాలర్ల లోపు సుంకం లేదన్న వెసులుబాటుని 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఆపేశారు. పాత పోస్టుల్లో ‘అమెరికాకి భయం లేదు’ అని కనిపిస్తే నమ్మకండి. పెట్టె కట్టకముందే, ఆ సుంకం ముందుగా కట్టించుకునే ఏర్పాటు మీ పోస్టాఫీసులో ఉందో లేదో కనుక్కోండి.

ఉన్ని_ఉండ:

ఇద్దరికీ చాలా థాంక్స్. 37 లెక్క చూశాక ఆవిడ మీద కోపం పోయింది. రాత్రి క్షమాపణ రాశాను, పన్ను ఎంత రావచ్చో కూడా చెప్పాను. ‘ఈసారి తెలిసింది కదా, మళ్లీ పంపండి’ అన్నారు. ఆస్ట్రేలియా పెట్టెలోంచి లావెండర్ తీసేశాను, బల్లంతా వాసనే.

ఇంకొక్క సందేహం. తిరిగొచ్చిన పార్సిల్‌కి మన కస్టమ్స్ కూడా సుంకం అడుగుతుందా? నన్ను అడగలేదు కానీ, అదృష్టమా?

డబ్బా_టేపు:

అడగొచ్చు. అమ్మిన సరుకే, ఏ మార్పూ లేకుండా వెనక్కి వచ్చిందని రుజువు చూపిస్తే చాలా దేశాల్లో మినహాయింపు ఉంటుంది. అందుకే పంపినప్పటి రసీదు, ఫారం నకలు, ట్రాకింగ్ నంబరు దాచుకోవాలి. ఆ మూడు స్టిక్కర్లు పీకేముందు ఫోటో తీసుకోండి.

ఉన్ని_ఉండ:

ఒకటి ఆల్రెడీ పీకేశాను. మిగతా రెండిటికి తీస్తున్నా.